ఎడిటర్ గారిని కలిసి పుస్తకం గురించి చెప్పడం: గోదావరి జిల్లాల రచయితలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, పాలకొల్లు, భీమవరం, కాకినాడ వైపు నుంచి కొత్తగా రాస్తున్నవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలివి. నేను ప్రూఫులు దిద్దుతాను. పుస్తక ప్రదర్శనల్లో ప్రచురణ సంస్థల స్టాళ్లలో బల్లకి అవతలి వైపు కూర్చున్నాను. ఏం చెబితే ఎడిటర్ తలెత్తుతారో, ఏం చెబితే వాచీ చూసుకుంటారో దగ్గర్నుంచి చూసినవాణ్ణి. చట్టం సంగతులు చట్టంలో ఉన్నవే. మిగతావి నా అభిప్రాయాలు.

నేరుగా కలవాల్సిందేనా? వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపేస్తే సరిపోదా?

పంపొచ్చు. కానీ ఎడిటర్ ఫోన్లో మీ పీడీఎఫ్ పొద్దుటి గుడ్‌మార్నింగ్ బొమ్మలకీ, పెళ్లి శుభలేఖలకీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాలకైతే రచయితకీ సంస్థకీ మధ్య ఏజెంటు ఉంటాడు. తెలుగులో అలాంటి ఏర్పాటు దాదాపు లేదు కాబట్టి మన పుస్తకం గురించి మనమే చెప్పుకోవాలి.

ఒక్క సంగతి ముందే అనుకుని వెళ్లండి. ఆ పూట మీ పుస్తకం ఒప్పుకోరు. నిలబడి మాట్లాడి పుస్తకం ఒప్పేసుకునే ఎడిటర్ ఉంటే ఆయన్ని కాస్త అనుమానించాలి కూడా. మీకు కావాల్సింది "పంపండి, చూస్తాను" అన్న మాట. అది వచ్చిందా, నమస్కారం పెట్టి కదలండి. వచ్చిన తర్వాత కూడా ఇంకో పావుగంట చెప్పి, వచ్చిన మాటని పోగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

ఎడిటర్ని కలవాలా, పబ్లిషర్నా?

చాలా తెలుగు సంస్థల్లో ఇద్దరూ ఒకరే. లెక్కలు చూసేదీ ఆయనే, కవర్ పేజీ ఖాయం చేసేదీ ఆయనే. పెద్ద సంస్థల్లో మాత్రం చదివి చెప్పేవాళ్లు విడిగా ఉంటారు. స్టాల్లో బిల్లు రాసే కుర్రాణ్ణి "స్క్రిప్టులు ఎవరు చూస్తారు బాబూ?" అని అడిగితే చెప్పేస్తాడు. అతనితో మర్యాదగా మాట్లాడండి. మీరు వెళ్లాక ఎడిటర్ గారు "ఎవరాయన?" అని అడిగేది అతన్నే.

పత్రిక ఎడిటర్, పుస్తకాల ఎడిటర్ వేరు. ఆదివారం అనుబంధం చూసేవారిని పట్టుకుని నవల వెయ్యమంటే ఆయన చెయ్యగలిగిందేమీ లేదు.

వాళ్లు ఎక్కడ దొరుకుతారు?

మనకి దగ్గరది విజయవాడ పుస్తక మహోత్సవం. 1989లో మొదలైంది. జనవరి మొదట్లో, సంక్రాంతికి ముందు పెడతారు. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో. విజయవాడది మన జిల్లాల వాళ్లకి ఒకలా కలిసొస్తుంది, ఒకలా ఇబ్బంది: దాళ్వా (రెండో పంట వరి) నాట్లూ, పండగ పనులూ, పందేల హడావిడీ అన్నీ అప్పుడే. అందుకే "పండగెళ్లాక వెళ్దాంలే" అనుకుంటారు. పండగెళ్లేసరికి స్టాళ్లుండవు.

కోనసీమ వాళ్లకి ఇంకో తిప్పలు. కోటిపల్లి–నరసాపురం లైను ఇంకా పూర్తికాక అమలాపురానికి రైలు లేదు. రావులపాలెం మీదుగా బస్సే గతి. నరసాపురం, భీమవరం వాళ్లు గుడివాడ మీదుగా రైల్లో వెళ్లిపోవచ్చు.

ఫెయిర్ అయిపోయాక కూడా దారులున్నాయి. విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులూ, ప్రచురణ సంస్థల ఆఫీసులూ ఉన్నాయి. ముందు ఫోన్ చేసి వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. రాజమండ్రిలోనో కాకినాడలోనో పుస్తకావిష్కరణ జరిగితే ఆ పుస్తకం వేసినవారు సాధారణంగా వస్తారు. సభ మొదలవకముందు, కుర్చీలు సర్దుతున్నప్పుడు కలవండి. సభ అయ్యాక అందరూ ఫొటోలకి ఎగబడతారు, ఆయనకి బస్సు టైమవుతుంది.

బుక్ ఫెయిర్‌లో ఏ టైముకి వెళ్లాలి?

స్టాల్ తెరిచిన మొదటి గంటలో, మామూలు రోజున. ఆదివారం సాయంత్రం వద్దు. ఎవరైనా పుస్తకం కొంటుంటే పక్కన ఆగండి. అది వాళ్ల బోణీ.

వెళ్లేముందు ఏం చదవాలి?

ఆ సంస్థ వేసిన పుస్తకాలు కనీసం రెండు చదవండి. కొనలేకపోతే లైబ్రరీ ఉంది కదా. రాజమండ్రి చుట్టుపక్కల ఉన్నవాళ్లకి గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది. పిల్లల పుస్తకాలు వేసేవారి దగ్గరికి వెళ్లి చారిత్రక నవల గురించి చెప్పేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఎడిటర్ మొహమాటానికి వింటారు, ఈయన అది ఆసక్తి అనుకుంటాడు, ఇద్దరి సాయంత్రమూ పోతుంది.

ఇంతకీ ఏం చెప్పాలి?

అసలు ప్రశ్న ఇదే. అందరూ ఒకే రకంగా మొదలుపెడతారు:

"సార్, ఇది మానవ సంబంధాల మీద నవలండి. మారిపోతున్న పల్లెటూరి విలువలు, తల్లిప్రేమ, వలసలు, అన్నీ ఉంటాయండి."

ఎడిటర్ "మంచిదండీ" అంటారు. చెయ్యి బిల్లు పుస్తకం మీదికి పోతుంది. ఆ నాలుగు ముక్కలూ పొద్దుట్నుంచి వచ్చిన అందరి పుస్తకాలకీ సరిపోతాయి మరి.

అదే నవలని ఇలా చెప్పి చూడండి:

"సార్, రాజోలు దగ్గర లంక ఊరి కథండి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి, పదకొండేళ్ల తర్వాత కూతురి పెళ్లికి వచ్చింది. ఆవిడ పంపిన డబ్బుతో కట్టిన ఇల్లే గానీ అందులో ఆవిడకి గది లేదు. పెళ్లి అయిదు రోజులూ హాల్లో చాప మీద పడుకుంటుంది. మళ్లీ విమానం ఎక్కాలా వద్దా అన్నది ఆ అయిదు రోజుల్లో తేలాలి. రాయడం పూర్తయిందండి. డెమీ సైజు పుస్తకంలో రెండు వందల పేజీల లోపే."

ఇది చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. కానీ ఎడిటర్ "అదేంటి, గది ఎందుకు లేదు?" అంటారు. ఆయన ప్రశ్న వేశారంటే పని జరుగుతోందన్నమాట. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పండి: "కొడుకు పెళ్లి చేసుకుని మేడమీద గది తీసుకున్నాడండి, కింద గది అల్లుడి కోసం ఉంచారు." అక్కడ ఆగండి. మిగతాది స్క్రిప్టులో చదువుకుంటారు.

రెండు మాటల్లోనూ కథ ఒకటే. మొదటిదాంట్లో మీ అభిప్రాయం ఉంది, రెండోదాంట్లో చాప ఉంది. వస్తువు గొప్పతనం గురించి మీరు చెప్పక్కర్లేదు. "చాలా బాగా వచ్చిందండి", "మా ఊళ్లో చదివినవాళ్లంతా ఏడ్చారండి" లాంటివి కూడా ఇంటిదగ్గరే వదిలేసి రండి.

కథేతరమైతే పద్ధతి కాస్త మారుతుంది. అక్కడ ఎడిటర్ మొదటి సందేహం "ఇది మీకెలా తెలుసు?" అని. ఉదాహరణకి 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి సాగు మానేసిన సంగతి మీద పుస్తకం అనుకుందాం. "రైతు సమస్యల మీద పరిశోధనాత్మక గ్రంథం" అనకండి. "ఆ ఏడాది సార్వా వెయ్యని కుటుంబాలని వెతికి మాట్లాడానండి. అందులో మా నాన్నగారి రెండెకరాలూ ఉన్నాయి" అనండి. మీరే ఎందుకు రాయాలో ఆ రెండెకరాలే చెబుతాయి.

కవిత్వం గురించి చెప్పబోతే దొరకదు. ఒక చిన్న కవిత నోటికి రానివ్వండి, వింటానంటే చదవండి. కవితా సంపుటాలు ఎక్కువగా కవుల సొంత డబ్బుతోనే వస్తున్నాయన్నది కూడా తెలిసుండాలి. అందుకు ఎడిటర్ని తిట్టుకుని లాభం లేదు.

ముగింపు చెప్పేయాలా, సస్పెన్స్ ఉంచాలా?

అడిగితే చెప్పేయండి. "అది చదివితేనే తెలుస్తుందండి" అని నవ్వితే ఎడిటర్‌కి ముచ్చట వెయ్యదు. ముగింపు ఇంకా కుదరలేదేమో అనుకుంటారు. ఆయన పాఠకుడు కాదు, ఆ పుస్తకానికి డబ్బు పెట్టాల్సిన మనిషి.

స్క్రిప్టు మొత్తం పట్టుకెళ్లాలా?

వద్దు. సంక్రాంతి సరుకుల్లా సంచీలో మోసుకొచ్చి బల్ల మీద దింపితే ఆయన దాన్ని హోటలు గదికి మోసుకెళ్లాలి. ఒక్క కాగితం చాలు: పుస్తకం పేరు, మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు, చెప్పిన ఆ నాలుగు వాక్యాలు, ఎన్ని పేజీలు, ఇదివరకు ఏమైనా అచ్చయితే ఆ వివరం. మొదటి అధ్యాయం విడిగా పిన్ను కొట్టి ఉంచుకోండి. అడిగితేనే ఇవ్వండి.

పేజీల లెక్క సరిగ్గా తెలుసుకుని వెళ్లండి. "లాంగ్‌నోటు పుస్తకాలు అయిదు నిండాయి" అంటే ఆయనకి అర్థం కాదు. అచ్చులో ఫారం అంటే 16 పేజీలు. 192 పేజీలంటే పన్నెండు ఫారాలు. ఎడిటర్ మనసులో ఖర్చు లెక్క వేసుకునేది అలాగే. డీటీపీ చేసే వాళ్లనెవరినైనా అడిగితే మీ రాత డెమీ సైజులో సుమారుగా ఎంత వస్తుందో చెబుతారు. ఫైలు అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే తెలుగు ఫాంట్లు) ఉందా, యూనికోడ్‌లోనా అన్నది కూడా అడుగుతారు. ఫోన్లో టైప్ చేసిందైతే యూనికోడే.

పూతరేకులు తీసుకెళ్లొచ్చా?

ఈ ప్రశ్న ఆత్రేయపురం చుట్టుపక్కల నుంచే కాదు, అన్ని వైపుల నుంచీ వస్తుంది. మన జిల్లాల్లో వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్లం, నిజమే. కానీ మొదటిసారి స్క్రిప్టుతో పాటు స్వీటు పెట్టె ఇస్తే ఎడిటర్ ఇరుకున పడతారు. తీసుకుంటే ఏదో ఒప్పుకున్నట్టు, తీసుకోకపోతే అవమానించినట్టు. పుస్తకం వచ్చాక ఆవిష్కరణకి తాపేశ్వరం కాజాలు పంచండి, ఎవరూ కాదనరు. కలిసినప్పుడు ఏదైనా చెయ్యాలనిపిస్తే ఆ స్టాల్లో ఒక పుస్తకం కొనండి. డిస్కౌంటు అడక్కండి.

సిఫారసు పనికొస్తుందా? ముందుమాట ముందే రాయించుకుంటే?

"ఫలానా వారు మిమ్మల్ని కలవమన్నారండి" అంటే మీ మాట వినడానికి ఒక నిమిషం ఎక్కువ దొరుకుతుంది, అంతే. అది నిజమై ఉండాలి. మన సాహిత్య లోకం చాలా చిన్నది, సాయంత్రానికే ఫోన్ చేసి కనుక్కుంటారు.

ముందుమాట సంగతికొస్తే, నలుగురు పెద్దల చేత ముందుమాటలు రాయించుకుని ఆ కట్టతో వచ్చేవాళ్లున్నారు. పుస్తకం ఇంకా చదవని ఎడిటర్‌కి పొగడ్తలు చూపించి ఏం ప్రయోజనం? పైగా రేపు ఆయన రెండు అధ్యాయాలు తీసేయమంటే, ఆ అధ్యాయాల్ని మెచ్చుకున్న పెద్దాయనకి ఏం చెబుతారు?

మా వారిని మాట్లాడమంటే నయమా? నాకు కొత్తవాళ్లతో మాట్లాడ్డం రాదు.

తోడు రావడంలో తప్పేం లేదు, దూరప్రయాణం కూడాను. మాట్లాడ్డం మాత్రం మీరే. భర్తో, నాన్నగారో, అన్నయ్యో ముందు నిలబడి "మా అమ్మాయి రాస్తుందండి" అని మొదలుపెడితే, రచయిత్రి వెనకాల చీరకొంగు సర్దుకుంటూ ఉండిపోతుంది. ఎడిటర్ ప్రశ్న అడిగితే ఆయనకి జవాబు తెలియదు, ఎందుకంటే చాలాసార్లు ఆయన చదవలేదు. వాళ్లని పక్క స్టాల్లో వంటల పుస్తకాలు చూడమని పంపించేయండి.

టెన్షన్‌కి నోరు ఎండిపోతోంది. ఏం చెయ్యాలి?

కాగితం చూసి చదివేయండి, ఫరవాలేదు. "కాస్త కంగారుగా ఉందండి, రాసుకొచ్చాను" అంటే ఎవరూ నవ్వరు. ముందు రోజు ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి. పుస్తకాలు చదవని మనిషైతే మరీ మంచిది. విన్నాక వాళ్లు "అప్పుడేమైంది?" అనాలి. "బావుంది" అన్నారంటే మళ్లీ రాసుకోవాలి.

"ఆయ్", "అండీ" అంటూ మన యాసలో మాట్లాడితే చిన్నచూపు చూస్తారా?

లేదు. గోదావరి యాస విని తెలుగు ఎడిటర్లకి విసుగు రావడం నేనెప్పుడూ చూడలేదు. పుస్తకంలో సంభాషణలన్నీ మన యాసలో రాసి, తీరా వాటి గురించి పాఠ్యపుస్తకం భాషలో చెబితేనే వింతగా ఉంటుంది.

వాళ్లు ఏం అడుగుతారు?

"ఎవరు చదువుతారు దీన్ని?" అని తప్పకుండా అడుగుతారు. "అందరూ" అన్నది జవాబు కాదు. "గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయండి, ముందు వాళ్లు" అంటే ఆయనకి ఆవిష్కరణ ఎక్కడ పెట్టాలో కూడా తట్టేస్తుంది.

"ఎక్కడైనా అచ్చయిందా?" అంటే దాచకండి. ప్రతిలిపిలోనో, ఫేస్‌బుక్‌లోనో భాగాలుగా పెట్టి ఉంటే చెప్పండి. పత్రికలో సీరియల్‌గా వచ్చి ఉంటే ఏ పత్రికో, ఏ సంవత్సరమో చెప్పాలి.

"మీరెన్ని కాపీలు తీసుకుంటారు?" అన్నది మూడోది. దానికి విడిగా జవాబు చెప్పాలి.

"ఖర్చులో కొంత మీరు పెట్టుకుంటారా?" అన్నారు. మోసమా?

మోసం అనేయలేం. తెలుగు పుస్తకాలు చాలావరకు 500, 1000 కాపీల లెక్కలో వేస్తారు. షాపులకీ పంపిణీదారులకీ 30–40 శాతం దాకా కమీషన్ పోతుంది. కాగితం, అచ్చు, బైండింగ్ పోగా మిగిలేది తక్కువ, అది కూడా నెలల తరబడి బాకీల్లో ఉంటుంది. కొత్త రచయిత మీద మొత్తం డబ్బు పెట్టడానికి సంస్థ వెనకాడటంలో న్యాయం ఉంది. మీరు వంద కాపీలు సగం ధరకి తీసుకుంటామనడం ఒక పద్ధతి. మొత్తం ఖర్చు మీరే పెట్టడం ఇంకో పద్ధతి.

కోపం రావాల్సింది లెక్క చెప్పనప్పుడు. డబ్బు మీదైతే ఎన్ని కాపీలు వేస్తారు, మీకెన్ని ఇస్తారు, అమ్మినవాటి లెక్క ఎప్పుడు చెబుతారు, మిగిలిన కాపీలు ఎవరివి అన్నవి కాగితం మీద ఉండాలి. "మనలో మనకి కాగితాలేమిటండీ" అన్నవారి దగ్గరైతే తప్పకుండా ఉండాలి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కోసం విడిగా పెద్ద మొత్తం అడిగితే ఆలోచించండి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

స్టాల్ ముందు నిలబడి ఈ బేరం తేల్చకండి. "ఆలోచించుకుని ఫోన్ చేస్తానండి" అని వచ్చేయండి.

హక్కుల సంగతి మొదటిసారే మాట్లాడాలా?

అక్కర్లేదు, కానీ తెలిసుండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్క. మీరు "సర్వహక్కులూ, శాశ్వతంగా" అని సంతకం పెట్టేస్తే మాత్రం ఆ రక్షణ మీకు దొరకదు. అనువాదం, సినిమా, ఆడియో హక్కులు అచ్చు హక్కుతో కలిపి ఇచ్చెయ్యాలన్న రూలేమీ లేదు. రాయల్టీ మామూలుగా 10 శాతం చుట్టూ ఉంటుంది. దానికి బదులు కొన్ని కాపీలు ఇచ్చే అలవాటూ ఉంది.

నా కథ విని వేరేవాళ్ల చేత రాయించేస్తే?

ఈ భయంతో కథ చెప్పకుండా చుట్టూ తిరిగేవాళ్ల పుస్తకం ఎవరూ అడగరు. ఐడియాకి కాపీరైట్ ఉండదు, మీరు రాసిన రాతకి ఉంటుంది. రాసిన క్షణం నుంచే ఉంటుంది, మీ జీవితకాలమూ ఆ తర్వాత 60 ఏళ్లూ. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే ధైర్యమనిపిస్తే సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు. అందుకే రాయడం పూర్తిచేసి వెళ్లమనేది. రాసిన పుస్తకాన్ని ఎత్తుకుపోవడం ఎవరికీ తేలిక కాదు.

"పంపండి" అన్నారు. తర్వాత?

వారం లోపు పంపండి. మెయిల్లో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "మూడో తారీఖు మధ్యాహ్నం మీ స్టాల్లో కలిశాను. కువైట్ నుంచి వచ్చిన తల్లి నవల." మీ పేరు గుర్తుండకపోవచ్చు గానీ ఆ తల్లి గుర్తుంటుంది.

తర్వాత ఓపిక పట్టాలి. దాళ్వా నాట్లప్పుడు పంపితే కోతలప్పుడు అడగండి. అప్పుడు కూడా ఒక్క మెసేజ్, మర్యాదగా. రోజూ "చూశారాండీ?" అని ఫోన్ చేసేవాళ్ల నంబరు ఏ పేరుతో సేవ్ అవుతుందో చెబితే బాధపడతారు.

వద్దన్నారు. కారణం అడగొచ్చా?

ఒకసారి అడగొచ్చు. చెబితే రాసుకోండి, వాదించకండి. "మా లిస్టుకి సరిపడదు" అన్నది చాలాసార్లు అక్షరాలా నిజమే. ఏ సంస్థకి సరిపడుతుందో కూడా అడిగి చూడండి. మంచి ఎడిటర్లు పేరు చెప్పి పంపిస్తారు, అదే మీకు నిజమైన సిఫారసు.

ఒకే ఫెయిర్‌లో ఇద్దరు ముగ్గురికి చెప్పొచ్చా?

చెప్పొచ్చు. స్టాళ్లు పక్కపక్కనే ఉంటాయి, వాళ్లంతా కలిసే టీ తాగుతారు కాబట్టి దాచడం కుదరదు కూడా. ఎవరైనా చదవడానికి తీసుకుంటే "ఇంకొకరికి కూడా ఇచ్చానండి" అని చెప్పండి. ఒకరు వేస్తామన్న రోజే మిగతావాళ్లకి మెసేజ్ పెట్టండి: "సార్, నవల ఫలానా వారు వేస్తున్నారు. చదవడానికి తీసుకున్నందుకు థాంక్సండి. ఆవిష్కరణకి పిలుస్తాను, రావాలి."